చాప మీద కూర్చున్న చర్చి

చర్చికి వెళ్ళే స్నేహితుల్ని కదిపితే ఈ మధ్య అందరిదీ ఒకటే గోల. ప్రార్థన తగ్గింది, రాజకీయం పెరిగింది. పాస్టరు గారి తర్వాత ఆ సీటు పాస్టరు గారబ్బాయిదే. కానుకలు ఎంత వచ్చాయో చెప్పరు, ఎటు పోయాయో అసలే చెప్పరు. టీవీ పెడితే 'దేవుడికిస్తే పదింతలు తిరిగొస్తుంది' అనే బేరం. ఇక ఆస్తుల తగాదాలు సరేసరి. సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) పాలన చూడమని మద్రాసు హైకోర్టు 2024లో ఇద్దరు రిటైర్డ్ జడ్జిలను నియమిస్తే, ఆ వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది.

'మా రోజుల్లో ఇలా ఉండేది కాదు' అంటారు పెద్దవాళ్ళు. కానీ చరిత్ర తిరగేస్తే వాళ్ళ రోజుల్లోనూ, వాళ్ళ తాతల రోజుల్లోనూ ఈ అసంతృప్తి ఉంది. దాంతో ఎవరు ఏం చేశారన్నదే అసలు కథ. మన తెలుగునాట జరిగిన కథే కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

వందేళ్ళ క్రితం ఒక తెలుగు క్రైస్తవుడు ఏ శాఖవాడో తెలియాలంటే అతని నమ్మకం అడగక్కర్లేదు, ఊరు అడిగితే చాలు. గుంటూరు అయితే లూథరన్. ఒంగోలు అయితే అమెరికన్ బాప్టిస్టు. కాకినాడ అయితే కెనడియన్ బాప్టిస్టు. నర్సాపురం అయితే బ్రదరన్. మెదక్ అయితే మెథడిస్టు. దోర్నకల్ అయితే ఆంగ్లికన్. ఒకరి పొలంలో ఇంకొకరు దున్నకూడదని మిషన్లు తమలో తాము చేసుకున్న ఒప్పందం అది. సేల్స్ టీములు టెరిటరీలు పంచుకున్నట్టన్నమాట! జర్మనీలో, ఇంగ్లండులో ఎప్పుడో జరిగిన గొడవల పేర్లు మన మాల, మాదిగ పల్లెల మీద పడ్డాయి. ఆ గొడవలేంటో ఆ పల్లెల్లో ఎవరికీ తెలియదు.

ఆ మిషన్లు మంచి చేయలేదని కాదు. కరువు కాలంలో కడుపు నింపాయి, బడులు, ఆసుపత్రులు కట్టాయి, అంటరానివాళ్ళన్న వాళ్ళకి అక్షరం నేర్పాయి. కానీ డబ్బు, పెత్తనం మాత్రం దొరగారి చేతిలోనే ఉండేవి. ఉపదేశికి జీతం మిషన్ ఇస్తుంది, కాబట్టి అతను జవాబు చెప్పేది మిషన్‌కే, ఊళ్ళో సంఘానికి కాదు.

ఈ అసంతృప్తికి మూడు రకాల జవాబులు వచ్చాయి.

మొదటిది లోపల ఉండి బాగుచేద్దామన్నది. తిరునెల్వేలి నుంచి వచ్చి తెలుగు నేర్చుకుని దోర్నకల్‌లో పనిచేసిన తమిళుడు వి.ఎస్. అజరయ్య. 1910లో ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. వెయ్యిమందికి పైగా ప్రతినిధులు, అందులో ఆసియా వాళ్ళు గుప్పెడు మంది. అక్కడ నిలబడి ఆయన, మీరు మాకోసం చేసిన త్యాగాలకు కృతజ్ఞులమే, కానీ మాతో స్నేహం చేయడం మీకింకా రాలేదని మొహమ్మీదే చెప్పాడు. సభలో చాలామందికి మింగుడుపడలేదు. రెండేళ్ళ తర్వాత, 1912లో ఆయనే ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యాడు. ఈ శాఖల గోడలు పడగొట్టాలని జీవితమంతా పనిచేశాడు కానీ, ఫలితం చూడకుండానే 1945 జనవరి 1న పోయాడు. 1947 సెప్టెంబర్ 27న సి.ఎస్.ఐ. ఏర్పడింది. మన గుంటూరు లూథరన్లు, ఒంగోలు బాప్టిస్టులు మాత్రం అందులో చేరలేదు.

రెండోది ఆలోచనలో తిరుగుబాటు. పండిపెద్ది చెంచయ్య అని ఒక తెలుగు లాయరు, పుదుక్కోట సంస్థానంలో జడ్జిగా చేశాడు. 1938లో తాంబరంలో అంతర్జాతీయ మిషనరీ సభ జరగబోతుంటే, ఆయన, ఇంకొందరు కలిసి 'రీథింకింగ్ క్రిస్టియానిటీ ఇన్ ఇండియా' అనే పుస్తకం వేశారు. క్రీస్తు తెచ్చింది కొత్త జీవితం, సంస్థ కాదు, పడమటి చర్చి నిర్మాణాన్ని మనం మోయక్కర్లేదు అన్నది చెంచయ్య వాదన. నాకు చాలా నచ్చిన వాదన. కాకపోతే అది చదువుకున్నవాళ్ళ చేతుల్లోనే ఉండిపోయింది, పల్లెకి దిగలేదు.

మూడోది భక్త్ సింగ్ ది. ఈయన మనలాగే ఇంజనీరింగ్ చదివినవాడు లెండి. 1903లో పంజాబ్‌లో ఒక సిక్కు కుటుంబంలో పుట్టాడు. కుర్రతనంలో ఎవరో బైబిలిస్తే, అట్ట బాగుందని దాన్ని దాచుకుని లోపలి పేజీలు చింపేశాడట. ఇంగ్లండులో, కెనడాలో చదువుకుంటూ 1929లో మారుమనస్సు పొందాడు. 1933లో బొంబాయిలో దిగితే, విషయం ఎవరికీ చెప్పకుండా ఇంటికి రమ్మని అమ్మానాన్నలు బతిమాలారు. దాచనన్నాడు, వాళ్ళు వదిలేసి వెళ్ళారు. 1941లో మద్రాసులో ఏ మిషన్‌కీ చెందని సంఘం మొదలుపెట్టాడు. తర్వాత హైదరాబాదు గోల్కొండ చౌరస్తా దగ్గర హెబ్రోను కేంద్రమైంది. అక్కణ్ణుంచి తెలుగు జిల్లాల్లో వందల సంఘాలు పుట్టాయి.

ఆయన కొత్త సిద్ధాంతం కనిపెట్టలేదు. మార్చినవి చాలా మామూలు విషయాలు. బెంచీలు లేవు, చెప్పులు బయట విడిచి అందరూ కింద చాపల మీద కూర్చోవాలి. ఆరాధనలో పాస్టరొక్కడే కాదు, మామూలు రైతు కూడా లేచి ప్రార్థన చేయొచ్చు. సేవకులకు నికరమైన జీతం లేదు, డబ్బులివ్వమని మనుషుల్ని అడగకూడదు, విదేశీ మిషన్ పెత్తనం లేదు. ఆరాధన అయ్యాక ప్రేమవిందు, ఏ కులం వాడైనా ఒకే బంతిలో భోజనం. ఏటేటా పరిశుద్ధ సమాజకూటాలకు వేలమంది వచ్చి, పందిళ్ళలో పడుకుని, కలిసి తిని, రోజుల తరబడి ఉండేవాళ్ళు. పక్కన కూర్చుని తినడమన్నది ఆ రోజుల్లో ఎంత పెద్ద విషయమో పల్లెటూళ్ళు తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు.

అలాగని అంతా స్వర్గమేమీ కాదు. మా సభ్యుల్ని ఎత్తుకుపోతున్నాడని పాత సంఘాలు గొడవపెట్టాయి, అందులో నిజం కొంత ఉంది. ఆడవాళ్ళకి ప్రసంగించే చోటు దొరకలేదు. పెద్ద నిర్ణయాలన్నిటికీ అందరూ ఒక్క మనిషి వైపే చూడటం అలవాటైంది. 2000 సెప్టెంబర్ 17న ఆయన పోయాక అక్కడా వర్గాలు వచ్చాయి. మన భాషలో చెప్పాలంటే, పాత సిస్టం నచ్చక ఫోర్క్ చేసుకున్నదీ కొన్నాళ్ళకి పాత సిస్టమే అవుతుంది.

మరి ఇదంతా దండగేనా? నేనలా అనుకోను. అజరయ్య, చెంచయ్య, భక్త్ సింగ్ ముగ్గురూ చర్చి మీద విసుగుతో మాట్లాడినవాళ్ళే, కానీ ముగ్గురూ దేవుణ్ణి వదిలిపోయినవాళ్ళు కారు. వీళ్ళ అసంతృప్తి ప్రేమలోంచి పుట్టింది. నా దృష్టిలో ఉజ్జీవం అంటే మైకు సౌండు పెరగడమో, కన్నీళ్ళు కారడమో కాదు. దాన్ని కొలవడానికి మూడు ప్రశ్నలు చాలు. ఇక్కడ ఎవరి పక్కన ఎవరు కూర్చుంటున్నారు? ఎవరితో ఎవరు తింటున్నారు? డబ్బు లెక్క ఎవరికి చెప్తున్నారు? ఈ మూడింటికీ జవాబు మారకుండా పాటలు, స్క్రీన్లు, పాస్టర్లు ఎన్ని మారినా లాభం లేదు.

ఇవాళ చర్చితో విసిగిపోయిన కుర్రాళ్ళని పెద్దలు 'వెనకబడిపోయారు', 'లోకంలో పడిపోయారు' అని తిడుతున్నారు. తిట్టే ముందు వాళ్ళు అడుగుతున్నదేంటో వినండి. అడుగుతున్నది లెక్క, మర్యాద, నిజాయితీ. ఎడింబరోలో అజరయ్య అడిగిందీ దాదాపు అదే. చిన్నప్పుడు భక్త్ సింగ్ అట్ట దాచుకుని పేజీలు చింపాడు, పెద్దయ్యాక తన తప్పు తెలుసుకున్నాడు. అట్టని మాత్రమే కాపాడుకుంటున్న సంఘాలకి కూడా ఆ తెలివి రావాలి. అది వచ్చేది ఇలా విసుక్కునేవాళ్ళ వల్లే, వాళ్ళు వెళ్ళిపోకముందే వింటే.