రాజాజీయు పెరియారును: విరోధమునందలి మైత్రి

సంఘమున పెద్దలు రెండు పక్షములుగాఁ జీలినప్పుడు మొదటఁ జెడునది వారి మాటవరుస. పెండ్లిపిలుపులు సైతము పక్షములను బట్టి సాగుట మన మహాసభలకు వచ్చెడివా రెఱుఁగనిది కాదు. కావున నీ సంచికయందు ఇరువురు మిత్రుల చరిత్రమును స్మరింపఁ దలఁచితిమి. వారు చక్రవర్తి రాజగోపాలాచారిగారు, ఈరోడు వేంకట రామస్వామి నాయకరుగారు. ఒకరు బ్రాహ్మణులు, దైవభక్తులు. మఱియొకరు బ్రాహ్మణాధిక్యమును దైవమును గూడ నిరాకరించినవారు.

రాజాజీ 1878లోను, పెరియారు 1879లోను జన్మించిరి. ఒకేకాలమున నొకరు సేలము పురపాలక సంఘమునకును, వేఱొకరు ఇరుగుపట్టణమగు ఈరోడు సంఘమునకును అధ్యక్షులైరి. 1919లో నాయకరు కాంగ్రెసునఁ జేరుటకు రాజాజీ ప్రోత్సాహము ముఖ్యకారణము. సహాయ నిరాకరణోద్యమమున నిరువురును కలిసి పనిచేసిరి. మద్యనిషేధమును నమ్మిన నాయకరు తమ తోఁటలోని కొబ్బరిచెట్లనే నఱికించిరి. కాని 1925లో కాంచీపురపు సభయందు బ్రాహ్మణేతర ప్రాతినిధ్యమునుగూర్చిన తీర్మానము సాగకపోఁగా కాంగ్రెసును విడిచిరి. అటుపిమ్మట వారి మార్గములు మరల నేకము కాలేదు.

ఈ విరోధము పేరునకు మాత్రమే యని పాఠకులు తలఁపరాదు. 1938లో చెన్నరాజధాని ప్రధానమంత్రిగా నున్న రాజాజీ 125 పాఠశాలలలో హిందీని నిర్బంధపాఠ్యము గావింపఁగా నాయకరు ప్రతిఘటించి చెఱసాల కేఁగిరి. బళ్ళారి చెఱసాలలోఁ గూడ నుండిరి. ఆ యుద్యమమున బందీలైన నటరాజన్, తాళముత్తు అను యువకులు 1939లో మరణించిరి. ఇట్టి దుఃఖము నడుమ నిలిచినను స్నేహము తెగకుండుట సామాన్యముగాదు.

1949 మే నెలలో జరిగిన యొక సంగతి మాకు మిక్కిలి విలువైనదిగాఁ దోఁచుచున్నది. అప్పుడు రాజాజీ భారతదేశపు గవర్నరు జనరలు. తిరువణ్ణామలకు వారు రాఁగా నాయకరు స్వయముగాఁ బోయి రైలుపెట్టెలో నేకాంతముగా మాటలాడిరి. డెబ్బదియేండ్ల వయస్సున, ఉద్యమపు టాస్తికి వారసురాలిగా మణియమ్మను వివాహమాడఁ దలఁచిన నాయకరు, తమ యనుచరు లెవ్వరి నడుగక, చిరకాల ప్రతిపక్షియైన మిత్రుని సలహా గోరిరి! జూలైలో వివాహము జరిగెను. బ్రాహ్మణుఁడు పన్నిన పన్నుగడ యని శిష్యులు కొంద ఱనుమానించిరి. ఏకాంతమున జరిగిన ప్రసంగమును నాయకరు నాఁడు బయలుపెట్టలేదు. సెప్టెంబరులో అణ్ణాదురై మొదలగువారు విడిపోయి వేఱొక కళగమును స్థాపించిరి. మిత్రుని మాటను గోప్యముగా నుంచుటకు ఇంత మూల్యము చెల్లించినవారు మన రాజకీయములలో నెందఱు?

అయినను 1953లో రాజాజీ ముఖ్యమంత్రిగా గ్రామీణ బాలురు సగము పూట బడిలోను, తక్కినకాలము తల్లిదండ్రుల వృత్తిలోను గడుపవలెనని విధింపఁగా, కులవృత్తిని శాశ్వతము చేయు విద్య యని నాయకరు గర్జించిరి. 1954లో రాజాజీ పదవి వీడిరి. ఆ విధానమును రద్దయ్యెను. బిడ్డల చదువునకై యిట్టి మహాసభలలో నిధులు కూర్చుకొను మనవంటివారికి ఈ వివాదమున న్యాయ మెటనున్నదో చెప్పనక్కఱలేదు. మేము నాయకరు పక్షమే.

కాలము వింతలు సేయును. 1958 నాఁటికి రాజాజీయే హిందీ యాధిపత్యమును నిరసించుచుండిరి; 1965 నాఁటి హిందీ వ్యతిరేకాందోళనమును నాయకరు సమర్థింపలేదు. 1967 ఎన్నికలలో రాజాజీ అణ్ణాదురైతోఁ గలియఁగా నాయకరు కామరాజు కాంగ్రెసునకై ప్రచారము చేసిరి. ముదిమియందును ఎదురెదురుగానే నిలిచిరి. నాయకరు మాత్రము తమ వ్రాతలలో మిత్రుని ‘ఆచ్చారియారు’ అను గౌరవనామముతోనే పేర్కొనుచుండిరి.

1972 డిసెంబరు 25న రాజాజీ కాలధర్మము నొందిరి. తొంబదిమూఁడేండ్ల నాయకరు చక్రముల కుర్చీలో శ్మశానవాటికకుఁ బోయి చితికడ బహిరంగముగాఁ గన్నీరు విడిచిరి. మఱుసటి సంవత్సరము డిసెంబరు 24న వారును గతించిరి.