మూతపడిన గనుల్లో యంత్రాల ఛాయాగ్రహణం

తవ్వకం ఆగిపోయిన భూగర్భ గనుల్లో మిగిలిన హాలేజీలు, పంపులు, బొగ్గు టబ్బుల వంటి పాత యంత్ర సామగ్రిని నమోదు చేసే పారిశ్రామిక ఛాయాగ్రహణ విభాగం ఇది. గని పైభాగంలోని హెడ్‌గేర్లు, వైండింగ్ ఇంజిన్లు కూడా దీని పరిధిలోకి వస్తాయి.

నేపథ్యం: తెలుగు ప్రాంతంలో ఇల్లెందు వద్ద 1889లో బొగ్గు తవ్వకం మొదలైంది. తెలుగువారు కూడా పనిచేసిన కోలార్ బంగారు గనులు 1880లలో జాన్ టేలర్ సంస్థ ఆధ్వర్యంలో విస్తరించాయి. 1902లో వాటికి శివనసముద్రం జలవిద్యుత్ అందింది. సుమారు 3.2 కి.మీ. లోతుకు చేరిన ఈ గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. తర్వాత సొరంగాల్లో నీరు నిండడంతో చిత్రణ ప్రధానంగా పైనున్న నిర్మాణాలకే పరిమితమైంది.

పద్ధతి: గని లోపల సహజకాంతి ఉండదు. కెమెరాను ముక్కాలి స్టాండుపై నిలిపి, షట్టర్‌ను పలు సెకన్లు తెరిచి ఉంచి, యంత్రంపై టార్చి వెలుగును నెమ్మదిగా ప్రసరింపజేస్తారు. పరిమాణం తెలియడానికి పక్కన కొలబద్ద ఉంచుతారు.

ప్రమాదాలు: మీథేన్ చేరిన బొగ్గు గనిలో సాధారణ ఫ్లాష్ నిప్పురవ్వ పేలుడుకు దారితీయవచ్చు. గాలి ఆడని చోట ఆక్సిజన్ తగ్గుతుంది. ఆధారాలు కుళ్లిన పైకప్పు కూలవచ్చు.

ప్రాముఖ్యం: తుప్పుకు, వరదకు, పాత ఇనుము వేలాలకు నశించే యంత్రాల రూపాన్ని, అమరికను ఈ చిత్రాలు భద్రపరుస్తాయి.