రాజుగారి కంటే ముందు చెట్లకే ఇల్లు

ప్రష్యా రాజు రెండో ఫ్రెడరిక్ 1744 ఆగస్టులో పోట్స్‌డామ్‌లోని ఒక బోడిగుట్టను అంచెలంచెలుగా చెక్కమని ఆజ్ఞ ఇచ్చాడు. నాటాలనుకున్నవి ద్రాక్ష, అంజూర. అదే గుట్ట మీద సాన్సూసీ రాజభవనానికి పునాది పడింది మాత్రం మరుసటి ఏడాది ఏప్రిల్‌లో.

గుట్టకు దక్షిణం వైపు ఆరు అంచెలు. ఎండ అంతా ఒక్కచోటికి చేరేలా గోడలను మధ్యలో లోపలికి వంచారు. పగలు వేడెక్కిన ఇటుక రాత్రిపూట ఆ వేడిని నెమ్మదిగా వదులుతుంది. పోర్చుగల్, ఇటలీ, ఫ్రాన్స్ నుంచి తెప్పించిన ద్రాక్ష తీగలను ఆ గోడలకు పాకించారు. గోడల్లోనే 168 గూళ్లు తొలిచి, అద్దాల తలుపులు బిగించి, లోపల అంజూర పెంచారు. చలి ముదిరితే తలుపులు మూసేస్తారు. ఒక్కో చెట్టుకు ఒక్కో గది అన్నమాట!

మన పెరట్లో నిమ్మ మొక్క పెట్టాలంటే గుంత తవ్వితే చాలు. జర్మనీలో అలా కుదరదు. అక్కడి తోటమాలి ముందు చూసేది పండు రుచి కాదు, చలికాలంలో ఆ చెట్టు ఏం చేస్తుందన్నది. అంజూర, ద్రాక్ష ఆకు రాల్చి నిద్రపోతాయి కాబట్టి గోడ చాటున నేలలోనే బతికేస్తాయి. నారింజ, నిమ్మ ఏడాదంతా పచ్చగా ఉంటాయి. వాటికి చలికాలంలోనూ వెలుతురు కావాలి, వేళ్లు గడ్డకట్టకూడదు. అందుకే వాటిని తొట్లలో పెంచి, చలి రాగానే లోపలికి మోసేవారు.

ఆ మోత కూడా లేకుండా చూసుకున్న ఊరు హైడెల్‌బర్గ్. 1610ల్లో సాలొమన్ ద కో అక్కడి కోట తోటను తీర్చిదిద్దిన రోజుల్లో, నేలలో నాటిన నారింజ చెట్ల చుట్టూ శీతాకాలానికి చెక్క ఇల్లు నిలబెట్టి, లోపల పొయ్యిలు వెలిగించి, వసంతంలో మొత్తం విప్పేసేవారు. డ్రెస్డెన్‌లో నేడు చిత్రశాల ఉన్న జ్వింగర్ కూడా మొదట నారింజ చెట్ల కోసం తలపెట్టిన కట్టడమే.

ఈ మోజు రాజులతో ఆగలేదు. న్యూరెంబర్గ్ వర్తకుడు యోహాన్ క్రిస్టఫ్ ఫోల్కామర్ తన తోటలో నిమ్మ జాతులు పెంచి, 1708లో వాటి మీద పెద్ద పుస్తకమే వేశాడు. అందులోని బొమ్మలు చూసి తీరాలి: పైన ఆకాశమంతా నిండిన ఒక్క నిమ్మకాయ, తొక్క మీది గరుకుతో సహా, కింద బుల్లి తోట, బుల్లి మనుషులు. ఆ కాయను ఆయన ఎంతగా ప్రేమించాడో ఆ కొలతలే చెబుతాయి.

సాన్సూసీలో 1747లో కట్టిన నారింజ చెట్ల ఇంటిని తర్వాత ఫ్రెడరిక్ అతిథి గృహంగా మార్చేశాడు. 1851లో నాలుగో ఫ్రెడరిక్ విలియం హయాంలో మొదలై, ఆయన పోయాక 1864లో పూర్తయిన కొత్త ఆరెంజరీ పొడవు 300 మీటర్ల పైమాటే. తొట్లలోని చెట్లు ఇప్పటికీ అక్కడే చలికాలం గడుపుతాయి.

కూరగాయలకు వేరే లెక్క ఉంది. మే 11 నుంచి 15 వరకు వచ్చే ‘ఐస్‌హైలిగె’, అంటే మంచు సాధువుల రోజులు దాటితే గానీ టమాటా, మిరప, దోస నారు బయట నాటరు. మన రైతులు మృగశిర కార్తె కోసం చూసినట్టే అక్కడివాళ్లు ఆఖరి రోజైన ‘చలి సోఫీ’ కోసం చూస్తారు. జర్మనీలో బాల్కనీ కుండీలో మిరప వేసుకునే తెలుగువాళ్లకూ అదే గడువు: మార్చిలో కిటికీ పక్కన విత్తనం, మే నెల సగం దాటాక బయటికి.