వెబ్ బ్రౌజర్లలో తెలుగు: డెవలపర్ల ప్రాధాన్యాలు, తీరవలసిన అవసరాలు

(ప్రత్యేక సమాచార వ్యాసం)

దరఖాస్తులు, భూమి రికార్డులు, పరీక్షా ఫలితాలు, తుపాను హెచ్చరికలు ప్రజలకు చేరే ముఖ్య మార్గాలలో వెబ్ బ్రౌజరు ఒకటి. ఒకే పుట కారంచేడులోని సెల్‌ఫోనులో ఒక తీరుగాను, బాపట్లలోని కార్యాలయ కంప్యూటరులో మరొక తీరుగాను కనిపిస్తే నష్టపోయేది పౌరుడే. బ్రౌజర్లలో ముందుగా ఏయే సదుపాయాలు మెరుగుపడాలని ప్రపంచవ్యాప్తంగా వెబ్ డెవలపర్లు కోరుతున్నారు, ఆ కోరికల పట్టికలో తెలుగు అవసరాలకు చోటు దక్కే మార్గమేమిటి అనే అంశాలపై విలేఖరులు, అధికారుల సౌకర్యార్థం ఈ వివరాలను క్రోడీకరించడమైనది.

డెవలపర్లు కోరినది

మోజిల్లా సంస్థ ఆధ్వర్యంలో 2019లో జరిగిన వెబ్ డెవలపర్ల అవసరాల సర్వేలో 173 దేశాలకు చెందిన 28,000 మందికి పైగా పాల్గొన్నారు. వారు పేర్కొన్న మొదటి అయిదు ఇబ్బందులలో నాలుగు ఒకే సమస్యకు చెందినవి. పాత బ్రౌజర్లకు అనుగుణంగా పుటలను తయారుచేయవలసి రావడం, అన్ని బ్రౌజర్లలో పనిచేయని సదుపాయాన్ని వదులుకోవలసి రావడం, ప్రతి బ్రౌజరులోను విడివిడిగా పరీక్షించవలసి రావడం, అన్నింటిలో ఒకే రూపం తేలేకపోవడం ఆ నాలుగు. కొత్త హంగులకంటె ఉన్న సదుపాయాలు అంతటా ఒకే విధంగా పనిచేయడమే ముఖ్యమని దీని సారాంశం.

ఈ కోరికకు స్పందనగా 2022లో ఆపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్, మోజిల్లా, బోకూప్, ఇగాలియా సంస్థలు ‘ఇంటరాప్’ అనే ఉమ్మడి కార్యక్రమాన్ని చేపట్టాయి. ఏటా కొన్ని అంశాలను ఎంపిక చేసి, వాటిని అన్ని ప్రధాన బ్రౌజర్లలో సమానంగా అమలుపరచడం దీని లక్ష్యం. అదే సంవత్సరం జూన్ 15న ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 11కు మైక్రోసాఫ్ట్ స్వస్తి పలకడంతో డెవలపర్ల చిరకాల భారం కొంత తగ్గింది.

తెలుగు నడచివచ్చిన దారి

తెలుగు లిపికి 1991లో వెలువడిన యూనికోడ్ తొలి కూర్పులోనే 128 స్థానాల విభాగం కేటాయించబడింది. అయినప్పటికీ చాలాకాలం తెలుగు పత్రికల వెబ్‌సైట్లు ఎవరి ఫాంటు వారివిగా నడిచాయి. ఆ ఫాంటు తమ కంప్యూటరులో లేని పాఠకులకు అర్థంకాని గుర్తులే కనిపించేవి. శోధన యంత్రాలకు ఆ పాఠ్యం అందేది కాదు. 2001లో విండోస్ ఎక్స్‌పీతో పాటు ‘గౌతమి’ ఫాంటు రావడం, 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా ఆరంభం కావడం ఈ స్థితిని మార్చిన ఘట్టాలు. పాత ఫాంట్ల పాఠ్యాన్ని యూనికోడ్‌లోకి మార్చి చూపే ‘పద్మ’ అనే పొడిగింపు ఫైర్‌ఫాక్స్ బ్రౌజరులో పలువురు తెలుగు పాఠకులకు తోడ్పడింది.

పుటతో పాటే ఫాంటును పంపే ‘వోఫ్’ పద్ధతిని ప్రపంచవ్యాప్త వెబ్ కన్సార్షియం 2012 డిసెంబరులోను, మరింత కుదించి పంపే దాని రెండవ కూర్పును 2018 మార్చిలోను ప్రమాణంగా ఆమోదించింది. సిలికానాంధ్ర సంస్థ ద్వారా ఉచితంగా అందుబాటులోకి వచ్చిన మండలి, సూరన్న, గురజాడ, తెనాలి రామకృష్ణ వంటి ఫాంట్లకు ఈ పద్ధతి వల్లనే విస్తృత వినియోగం సాధ్యమైంది.

అక్షరం ఒకటి, సంకేతాలు అనేకం

తెలుగు సమస్య స్వభావం తెలియడానికి ఊరి పేర్లే చాలును. ‘కారంచేడు’ అనే మాటలో చదువరి కంటికి కనిపించేవి నాలుగు అక్షరాలు. కంప్యూటరు లెక్కలో అవి ఎనిమిది సంకేతాలు. వెబ్‌లో వాడుకలో ఉన్న యూటీఎఫ్-8 పద్ధతిలో ఇవి 24 బైట్లు. ‘బాపట్ల’లో అక్షరాలు మూడు, సంకేతాలు ఆరు. దరఖాస్తు గడికి అయిదు సంకేతాల హద్దు విధిస్తే ఆ పేరు ‘బాపట్’ అని తెగిపోతుంది. ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరానికే ఆరు సంకేతాలు అవసరం. రోమన్ లిపి కొలతతో నిర్ణయించిన గడులలో తెలుగు పేర్లు కురచబడడానికి కారణమిదే.

యూనికోడ్ సాధారణ విభజన నియమాలు కూడా దీర్ఘకాలం ‘ట్ల’ను ‘ట్’, ‘ల’ అని రెండుగా లెక్కించాయి. 2023 సెప్టెంబరులో వెలువడిన 15.1 కూర్పులో తెలుగు సహా కొన్ని భారతీయ లిపుల సంయుక్తాక్షరాలను విడదీయరాదన్న నియమం చేరింది. పాఠ్యాన్ని ఇటువంటి నియమాల ప్రకారం విభజించి ఇచ్చే ‘సెగ్మెంటర్’ సదుపాయం క్రోమ్‌లో 2020లోను, సఫారీలో 2021లోను రాగా, ఫైర్‌ఫాక్స్‌లో 2024 ఏప్రిల్‌లో మాత్రమే వచ్చింది. ఈ మధ్యకాలంలో ఆ సదుపాయంపై పూర్తిగా ఆధారపడే అవకాశం డెవలపర్లకు లేకపోయింది.

లిపి ప్రదర్శనలో లోపం ఎంత దూరం పోగలదో 2018 ఫిబ్రవరిలో వెల్లడైంది. ‘జ్ఞా’ అక్షరానికి చెందిన ఒక సంకేత క్రమం తెరపైకి రాగానే ఐఫోన్లలో పలు అప్లికేషన్లు స్తంభించిపోయాయి. ఫిబ్రవరి 19న విడుదల చేసిన సవరణ కూర్పుతో ఆపిల్ సంస్థ దీనిని సరిదిద్దింది. తప్పు అక్షరానిది కాదు. ఆ క్రమాన్ని ప్రదర్శించిన సాఫ్ట్‌వేరుది.

తెలుగుకు సంబంధించిన ప్రధాన అవసరాలు

1. అక్షర విభజన: మీటతో చెరిపినప్పుడు, పాఠ్యాన్ని ఎంచినప్పుడు, పంక్తి విరిగినప్పుడు, మొదటి అక్షరాన్ని పెద్దదిగా చూపినప్పుడు వత్తు తన హల్లు నుండి విడిపోరాదు.

2. పంక్తుల మధ్య ఎడం: తలకట్టు, గుడులు పైకి, వత్తులు కిందికి విస్తరించే లిపి తెలుగు. ఆంగ్ల పుటలకు సరిపోయిన ఎత్తులో వత్తులు కోతపడకుండా ఉండాలి.

3. శోధన: ‘రైతు’లోని ఐత్వాన్ని ఒకే సంకేతంగాను, రెండు సంకేతాల కూర్పుగాను రాయవచ్చు. కంటికి రెండూ ఒకటే అయినందున శోధనలోను రెండూ ఒకటే కావాలి. ఇందుకు పాఠ్యాన్ని ఏకరూపానికి తెచ్చి భద్రపరచవలసియున్నది.

4. దీర్ఘపదాల విరుపు: సంధులు, విభక్తులతో తెలుగు పదాలు పొడవుగా ఉంటాయి. సెల్‌ఫోను తెరపై వీటిని సరైన చోట విరిచే ఏర్పాటు అన్ని బ్రౌజర్లలోను సమానంగా ఉండాలి.

5. ఫాంటు బరువు: గుణింతాలు, వత్తుల రూపాలన్నీ ఇమిడినందున తెలుగు ఫాంటు ఫైళ్లు పెద్దవి. బలహీనమైన సిగ్నలు ఉన్న చోట్ల ఫాంటు చేరేలోపు పాఠ్యం కనిపించకుండా పోరాదు.

6. కొత్త సంకేతాలు: నకార పొల్లుకు 2021లో విడుదలైన యూనికోడ్ 14.0లో ప్రత్యేక స్థానం లభించింది. స్థానం లభించినంత మాత్రాన చాలదు. ఫాంట్లలోను, కీబోర్డులలోను ఆ రూపం చేరినప్పుడే వినియోగంలోకి వస్తుంది.

కోరిక ప్రమాణంగా మారే విధానం

బ్రౌజరు సదుపాయం ఒక కంపెనీ నిర్ణయంతో స్థిరపడదు. అక్షర సంకేతాలు యూనికోడ్ కన్సార్షియంలోను, పుటల రూప నియమాలు వెబ్ కన్సార్షియంలోను చర్చకు వస్తాయి. వివిధ లిపులకు వెబ్‌లో ఎదురయ్యే కొరతలను వెబ్ కన్సార్షియం అంతర్జాతీయీకరణ విభాగం నమోదు చేస్తున్నది. నియమాన్ని బ్రౌజర్లు పాటిస్తున్నదీ లేనిదీ తేల్చేందుకు ‘వెబ్ ప్లాట్‌ఫాం టెస్ట్స్’ అనే బహిరంగ పరీక్షల సంపుటి ఉన్నది. ఇంటరాప్ కార్యక్రమం సాధించిన ప్రగతిని ఈ పరీక్షల ఫలితాలతోనే లెక్కిస్తారు. ఆ కార్యక్రమానికి ప్రతిపాదనలు పంపడానికీ, సంపుటికి పరీక్షలు చేర్చడానికీ సంస్థల సభ్యత్వం అవసరం లేదు.

ఇందులోని మెలకువ గమనార్హం. ‘తెలుగు సరిగా రావడం లేదు’ అన్న ఫిర్యాదు ఎంత న్యాయమైనదైనా పరీక్షగా మారదు. ‘ఈ పదం, ఈ వెడల్పులో, ఈ బ్రౌజరు ఫలానా కూర్పులో ఇలా విరిగింది, ఇలా విరగవలసియున్నది’ అన్న నివేదిక మారుతుంది. సర్వేలలో గొంతు వినిపించేది అధిక సంఖ్యాకులది కాగా, పరీక్షల సంపుటిలో ఒక్క భాషకు చెందిన ఒక్క పరీక్షకు కూడా స్థానం ఉంటుంది.

కార్యాలయాలు గమనించవలసినవి

వెబ్‌సైట్లు తయారుచేయించే కార్యాలయాలు ఒప్పంద పత్రంలోనే యూనికోడ్ పాఠ్యం, పుట భాష తెలుగు అన్న గుర్తు, కనీసం మూడు ప్రధాన బ్రౌజర్లలో పరీక్ష అనే షరతులను చేర్చుకొనడం మేలు. పరీక్షకు ఆంగ్ల నమూనా పాఠ్యం గాక కారంచేడు, రేపల్లె, బాపట్ల వంటి నిజమైన ఊరి పేర్లను, పొడవైన ఇంటిపేర్లను వాడితే లోపాలు ముందే బయటపడతాయి. చిత్రరూపంలో ఉంచిన ప్రకటనలలోని పాఠ్యం సాధారణ శోధనకు చిక్కదు. అంధులకు చదివి వినిపించే సాధనాలకు నేరుగా అందదు. అందువల్ల ప్రతి ప్రకటనను పాఠ్యరూపంలోను ఉంచవలసియున్నది.

లోపాన్ని గుర్తించిన విలేఖరులు, సిబ్బంది తెర చిత్రంతో పాటు పుట చిరునామా, బ్రౌజరు పేరు, కూర్పు సంఖ్య, పరికరం, తప్పుగా కనిపించిన పదం, ఉండవలసిన రూపం అనే ఆరు వివరాలను నమోదు చేసినట్లయితే సవరణ త్వరగా జరిగే అవకాశమున్నది.