సుమతి గర్భం, కర్ణుడి రథం: ‘కల్కి 2898 ఏడీ’ చుట్టూ నడిచిన ధర్మచర్చ

నాగ్ అశ్విన్ రచించి దర్శకత్వం వహించిన ‘కల్కి 2898 ఏడీ’ చిత్రం 2024 జూన్ 27న విడుదలైంది. దానికి ముందుమాటగా ‘బుజ్జి అండ్ భైరవ’ యానిమేషన్ సిరీస్ అదే ఏడాది మే 31న అమెజాన్ ప్రైమ్ వీడియోలో రెండు భాగాలుగా వచ్చింది. ఈ రెండింటినీ కలిపి చూసిన తెలుగు ప్రేక్షకుల మధ్య నెలల తరబడి సాగిన వాదోపవాదాలు విజ్ఞాన కల్పన తెలుగువారికి ఏ రూపంలో చేరుతున్నదో, చేరిన తరువాత ఏ ప్రశ్నగా మారుతున్నదో తెలుసుకోవడానికి విలువైన ఆధారం. శాస్త్ర సాంకేతిక రంగాల్లో రాగల మార్పును ముందే ఊహించి, ఆ మార్పు మనిషి బతుకునూ నీతినీ ఎటు నడిపిస్తుందో కథగా చెప్పే ప్రక్రియను విజ్ఞాన కల్పన అంటారు. ఈ ప్రక్రియ అడిగే నీతి ప్రశ్న సాధారణంగా కొత్తది. అయితే ‘కల్కి’ విషయంలో ప్రేక్షకులు అత్యధికంగా తలపడింది కర్ణార్జునుల్లో ఎవరు గొప్ప అనే అతి పాత ప్రశ్న మీద. ఆ తలపడటంలో తప్పేమీ లేదు. కానీ దాని నీడలో కథకు గుండెకాయ వంటి మరో ప్రశ్న, అంటే స్త్రీ గర్భాన్ని ముడిసరుకుగా వాడుకోవడం గురించిన ప్రశ్న, మరుగున పడిపోయిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కథను ఇక్కడ క్లుప్తంగా చెప్పుకోవాలి. 2898 నాటికి గంగ ఎండిపోయి, భూమి మీద మిగిలిన చివరి నగరంగా కాశీ నిలుస్తుంది. దాని నెత్తిన తలకిందుల పిరమిడ్ ఆకారంలో వేలాడే కాంప్లెక్స్ అనే కట్టడం నేల మీది వనరులన్నింటినీ పైకి పీల్చుకుంటుంది. అక్కడ కొలువున్న సుప్రీమ్ యాస్కిన్ తన ఆయుష్షు కోసం, శక్తి కోసం ‘ప్రాజెక్ట్ కె’ పేరుతో ఒక ప్రయోగశాల నడిపిస్తుంటాడు. సంతాన యోగ్యత ఉన్న స్త్రీలను అందులో బంధించి, గర్భం ధరింపజేసి, పిండం నుంచి సీరం తీస్తారు. ఆ క్రమంలో తల్లులు చనిపోతుంటారు. పేరుకు బదులు సంఖ్యతో పిలవబడే ఒక స్త్రీ అక్కడి నుంచి తప్పించుకున్నాక సుమతి అవుతుంది. చిరంజీవిగా శాపగ్రస్తుడైన అశ్వత్థామ ఆమెకు కాపలా కాస్తాడు. ‘యూనిట్లు’ అనే ఆనాటి ద్రవ్యం పోగుచేసుకుని కాంప్లెక్స్‌లోకి వెళ్లిపోవాలనుకునే భైరవ ఆమెను పట్టించడానికి వెంటాడతాడు. చిత్రం చివర భైరవే పూర్వజన్మలో కర్ణుడని తెలుస్తుంది. కలియుగారంభంగా సంప్రదాయం లెక్కించే క్రీ.పూ. 3102 నుంచి క్రీ.శ. 2898 వరకు సుమారు ఆరువేల ఏళ్లు కాబట్టి, చిత్రనామంలోని సంవత్సరమే భారత కథనూ భవిష్యత్ కథనూ ముడివేస్తున్నది.

ఈ చివరి మలుపే వాదానికి నిప్పు పెట్టింది. భైరవగా ప్రభాస్, అర్జునుడిగా విజయ్ దేవరకొండ కనిపించడంతో అభిమాన సంఘాల పోటీ కొంత కలిసిన మాట నిజమే అయినా, చర్చను అంతవరకే కుదించి చూస్తే దానికి అన్యాయం చేసినట్టే. వాదించినవారు గ్రంథాలు తిరగేశారు. అర్జున పక్షం వారు విరాటపర్వంలోని ఉత్తర గోగ్రహణాన్ని చూపించి, అక్కడ కృష్ణుడి తోడు లేకుండానే అర్జునుడు ఒంటరిగా కర్ణుడు సహా కౌరవ వీరులందరినీ ఓడించాడని గుర్తుచేశారు. ఎర్రన పూరించిన అరణ్యపర్వ శేషంలోని ఘోషయాత్రను చూపించి, గంధర్వుల చేతిలో దుర్యోధనుడు చిక్కినప్పుడు కర్ణుడు రణం విడిచి తొలగిపోయాడన్నారు. కర్ణ పక్షం వారు సహజ కవచ కుండలాల దానాన్ని, పరశురాముడి శాపాన్ని, నేలలో కుంగిన రథచక్రాన్ని ముందుకు తెచ్చి, ఇన్ని విధాల చేతులు కట్టేసిన వాడితో చేసిన యుద్ధం సమ యుద్ధం ఎలా అవుతుందని నిలదీశారు. కర్ణుడి బాణానికి అర్జున రథం కొద్దిగా వెనక్కి జరిగితే కృష్ణుడు కర్ణుణ్ణి మెచ్చుకున్నాడనే కథ ఈ వాదనల్లో పదే పదే వినిపించింది. పుణెలోని భండార్కర్ ప్రాచ్య పరిశోధన సంస్థ 1919లో మొదలుపెట్టి 1966లో ముగించిన మహాభారత సంశోధిత ప్రతిలో ఈ కథ కనిపించదు. అయితే జనం నోట తరతరాలుగా నిలిచిన కథను ‘లేనిది’ అని కొట్టేసినంత మాత్రాన చర్చ తేలదు, ఎందుకంటే తెలుగువారు భారతాన్ని చదివి తెలుసుకున్న దానికంటే విని తెలుసుకున్నది ఎక్కువ.

ఈ వినికిడికి దీర్ఘ చరిత్ర ఉంది. పురాణ కాలక్షేపాలు, హరికథలు, పౌరాణిక పద్య నాటకాలు కర్ణుణ్ణి ఊరూరా తిప్పాయి. 1977 జనవరి 14న ఎన్.టి. రామారావు దర్శకత్వంలో ‘దానవీరశూరకర్ణ’, కమలాకర కామేశ్వరరావు దర్శకత్వంలో ‘కురుక్షేత్రం’ ఒకే రోజున విడుదలై, ఒకే ఇతిహాసం మీద రెండు పక్షాల ప్రేక్షకుల్ని తయారుచేశాయి. మొదటి చిత్రానికి కొండవీటి వెంకటకవి రాసిన సంభాషణలు పెళ్లి పందిళ్లలోనూ తీర్థాల్లోనూ మైకుల్లో మోగి, సినిమా చూడనివారికి సైతం కంఠతా వచ్చాయి. సూతపుత్రుడన్న నిందతో రంగభూమిలో అవమానం పాలైన వీరుడిలో కులం పేరిట అవమానాలు పడ్డ కోట్లాది జనం తమను తాము చూసుకున్నారు. అందువల్ల కర్ణుణ్ణి పొగడటం వెనక ధనుర్విద్య లెక్కలకు మించిన సామాజిక న్యాయ భావన పనిచేస్తుంది. ఆ భావనను గుర్తించకుండా కర్ణాభిమానుల్ని ‘మూలం తెలియనివారు’ అని తీసిపారేయడం పండితులకు తగని పని.

అయినా ఒక తేడా గమనించక తప్పదు. అమెరికా టెలివిజన్ సిరీస్ ‘స్టార్ ట్రెక్: వాయేజర్’లో 1996 మేలో ప్రసారమైన ‘టువిక్స్’ భాగం ఈ తేడాను స్పష్టం చేస్తుంది. ప్రమాదవశాత్తు ఇద్దరు నౌకా సిబ్బంది కలిసిపోయి మూడో వ్యక్తిగా పుడతారు; ఆ మూడోవాడు బతకనిమ్మని వేడుకుంటున్నా, పోయిన ఇద్దరినీ తిరిగి తెచ్చుకోవడానికి కెప్టెన్ జేన్‌వే అతణ్ణి విడదీసి అంతం చేస్తుంది. ఆమె చేసింది న్యాయమా, హత్యా అని అభిమానులు నేటికీ వాదించుకుంటున్నారు. అక్కడ కథ వేసిన ప్రశ్ననే ప్రేక్షకులు అందుకున్నారు. ‘కల్కి’ విషయంలో కథ వేసిన ప్రశ్న ఒకటైతే, ప్రేక్షకులు అందుకున్నది మరొకటి. ఈ మళ్లింపుకు మూలం కొంత తెలుగు తెర అలవాటులోనే ఉంది: 1991లో ‘ఆదిత్య 369’తో తెలుగు తెరకు కాలయంత్రాన్ని పరిచయం చేసిన సింగీతం శ్రీనివాసరావు ‘కల్కి’ రచనకు మార్గదర్శకుడిగా ఉన్నారు. భవిష్యత్తును చూపించాలంటే గతాన్ని తోడు తెచ్చుకునే అలవాటు ఆ పాత చిత్రంలోనే, రాయల కాలాన్నీ 2504నూ ఒకే ప్రయాణంలో చూపించడంలోనే, పాదుకొన్నది.

కథ వేసిన ప్రశ్న మహాభారతంలోనే ఉండటం ఇక్కడ విశేషం. సౌప్తికపర్వంలో అశ్వత్థామ నిద్రిస్తున్న ఉపపాండవుల్ని చంపిన తరువాత, పట్టుబడే సమయంలో ప్రయోగించిన అస్త్రాన్ని ఉపసంహరించలేక పాండవ స్త్రీల గర్భాల మీదికి మళ్లిస్తాడు. అది ఉత్తర కడుపులోని శిశువును తాకుతుంది. కృష్ణుడు శపించింది ఈ దోషానికే: నెత్తుటి వాసనతో, రోగాలతో, పలకరించే మనిషి లేక మూడు వేల ఏళ్లు తిరగమన్నాడు. ఆ శిశువే తరువాత కృష్ణుడి వల్ల బతికి పరీక్షిత్తు అయ్యాడు. ఇతిహాసంలోని యుద్ధధర్మ భంగాలన్నింటిలో గర్భం మీద దాడికే ఇంతటి దీర్ఘ శిక్ష పడింది. గర్భాన్ని చంపబోయినవాడే గర్భాన్ని కాపాడటం ద్వారా శాపవిమోచనం పొందడం ‘కల్కి’ కథలోని అసలైన కల్పన, దర్శకుడి ప్రతిభకు గట్టి నిదర్శనం. కర్ణార్జున వాదం ఈ ఇరుసును దాదాపు తాకకుండానే చుట్టూ తిరిగింది.

చిత్రం కూడా ఈ విషయంలో పూర్తిగా నిర్దోషి అనిపించుకోదు. యాస్కిన్ ప్రయోగశాలకు సుమతి పిండాన్ని మోసే ఒక గిన్నె మాత్రమే. యాస్కిన్‌ను ఎదిరించేవారి రహస్య ఆశ్రయమైన శంబలకు ఆమె కల్కి అనే దైవాన్ని మోసే తల్లి. ఒకరు పిండాన్ని పిండుకోవాలనుకుంటారు, మరొకరు పూజించాలనుకుంటారు. మోస్తున్న మనిషికి ఏం కావాలన్నది ఇరువైపులా రెండో విషయమే అవుతుంది. వైద్యనీతి శాస్త్రంలో దీనికి ‘ఎరుకతో కూడిన సమ్మతి’ అనే భావన ఉంది: శరీరం మీద జరగబోయేదాన్ని, దాని ముప్పును పూర్తిగా తెలియజెప్పి, వద్దనే స్వేచ్ఛను మిగిల్చి తీసుకునే అంగీకారమే అంగీకారమని దాని అర్థం.

ఈ భావన తెలుగు నేలకు పుస్తకాల్లోంచి వచ్చిన పరాయి మాట కాదు. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల బాలికలు సుమారు 14,000 మందికి, వారిలో ఎందరో గిరిజన వసతి గృహాల విద్యార్థినులు, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నివారణ టీకాను ఒక అధ్యయనం కింద వేశారు. తల్లిదండ్రులకు బదులు వసతి గృహాల వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సమ్మతి పత్రాల మీద సంతకాలు చేశారని బయటపడింది. 2010 ఏప్రిల్‌లో ప్రభుత్వం అధ్యయనాన్ని ఆపించింది, 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది. టీకా మేలైనదే, తప్పు జరిగింది అడగకపోవడంలో. గర్భసంచి తొలగింపుల్లోనూ ఈ సమ్మతి ప్రశ్నే ఎదురవుతుంది: 2015–16 నాటి నాలుగో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతం. దేశంలో మొదటి రెండు స్థానాలూ తెలుగు రాష్ట్రాలవే. 2022 జనవరి 25 నుంచి అమల్లోకి వచ్చిన అద్దె గర్భాల నియంత్రణ చట్టం డబ్బు కోసం గర్భం మోయించడాన్ని నిషేధించి, మోసే స్త్రీ 25–35 ఏళ్ల మధ్య వయసుదై, సొంత బిడ్డ ఉన్నదై, జీవితంలో ఒక్కసారికే పరిమితం కావాలని నిర్దేశించవలసి వచ్చిందంటే, గర్భం అంగడి సరుకు కావడం 2898 దాకా ఆగలేదన్నమాట.

విశాఖపట్నం జిల్లాలో ఉండి 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లాలోకి వచ్చిన రోలుగుంట మండలం నుంచి చూస్తే ఈ ప్రశ్న మరింత దగ్గరవుతుంది. చోడవరం నియోజకవర్గానికి చెందిన ఈ మండలంలోని అర్ల పంచాయతీ కొండ గూడేలకు సరైన దారి లేక, పురిటి నొప్పులు పడుతున్న గర్భిణుల్ని డోలీలో మోసుకొచ్చిన వార్తలు పత్రికల్లో పలుమార్లు వచ్చాయి. పొడుగాటి కర్రకు చీరో దుప్పటో ఉయ్యాలలా కట్టి, లోపల మనిషిని ముడుచుకుని పడుకోబెట్టి, ముందొకరు వెనకొకరు భుజానెత్తుకుంటారు; వాగు దగ్గర, నిట్టదిగుడు దగ్గర భుజాలు మార్చుకుంటూ, వాహనం ఆగే చోటు దాకా రాళ్ల బాటన నడుస్తారు. ఈ గూడేలు ఐదో షెడ్యూలు కిందికి రాని ప్రాంతంలో ఉండటంతో ఏజెన్సీ గిరిజనులకు వర్తించే రక్షణలు సైతం వీరికి పూర్తిగా అందవు. వనరులన్నీ పైకి పోయి కింద మిగిలినవారు దాహంతో అలమటించే కాశీ ఇక్కడి ప్రేక్షకుడికి వింత లోకం కానక్కరలేదు. సుమతిని శంబలకు చేర్చే ప్రయాణం అంతకన్నా వింత కాదు.

చిత్రంలోని చివరి ఘట్టాన్ని ఈ వెలుగులో మళ్లీ చూడవలసి ఉంది. అర్జునుడి గాండీవానికి అర్హుడెవరు, కర్ణుడి విజయ ధనుస్సుకు అర్హుడెవరు అని ప్రేక్షకులు తగువులాడుకుంటుండగా, తెర మీద గాండీవాన్ని ఎత్తేది అర్జునుడూ కాదు, కర్ణుడూ కాదు, యాస్కిన్. అతనికి ఆ బలం ఇచ్చినది సుమతి గర్భం నుంచి ఆమె ఇష్టంతో పనిలేకుండా తీసిన సీరం బొట్టు. ధనుస్సు గురించిన వాదం తుదకు గర్భం గురించిన వాదమేనని కథ తానే చెబుతున్నది.

సుమతి పాత్ర ధరించిన దీపికా పదుకొణె రెండో భాగంలో ఉండబోరని నిర్మాణ సంస్థ వైజయంతీ మూవీస్ 2025 సెప్టెంబరు 18న ప్రకటించడంతో, ఆ పాత్రకు ఎవరు తగుదురనే చర్చ అభిమానుల్లో మొదలైంది. నటి ఎవరన్న దానితో పాటు ఆ పాత్ర నోట ఏ మాట పలికించాలన్న దాన్నీ అడగవలసిన సమయం ఇదే. విశ్వవిద్యాలయాల తెలుగు శాఖల్లో ‘కల్కి’ మీద పరిశోధనకు పూనుకునే విద్యార్థులు కర్ణపర్వం పక్కన సౌప్తికపర్వాన్నీ, ఖమ్మం అధ్యయనం మీది పార్లమెంటరీ నివేదికనూ పెట్టుకుని పని మొదలుపెట్టాలి.