భట్టిప్రోలు నిగమమున రాజు సభ్యుఁడా?

తెనాలి నుండి రేపల్లెకుఁ బోవు రైలుమార్గమున నున్న భట్టిప్రోలు, పూర్వము గుంటూరు జిల్లాలోనిదై 2022వ సంవత్సరమున బాపట్ల జిల్లాలోఁ జేరినది. ఇచటి బౌద్ధస్తూపమును 1892వ సంవత్సరమున అలెగ్జాండరు రే త్రవ్వించి మూఁడు ఱాతిమంజూషలను వెలికిఁ దీసెను. వానిపై నున్న ప్రాకృతలేఖనములను బూలరు పండితుఁడు ‘ఎపిగ్రాఫియా ఇండికా’ రెండవ సంపుటమునఁ బ్రకటించెను. తెనుఁగుదేశమున లభించిన ప్రాచీనతమలేఖనములలో నివి చేరును.

మూఁడవ మంజూషను సమర్పించినవారు ‘నిగమపుత్రులు’. వారికి ‘రాజపాముఖ’ యను విశేషణము గలదు. ఆ రాజు ఖుబిరకుఁడు. అతఁడు సింహగోష్ఠికిఁ బ్రముఖుఁడనియు నందే చెప్పఁబడినది. నిగమపుత్రు లెవరు? రాజు వారిలో నొకఁడా, లేక వారికి వెలుపలి యధిపతియా? ఈ ప్రశ్నలపై నాఁటి సంఘస్వరూపమే యాధారపడి యున్నది.

పుత్రశబ్దమునకు నిగమవాసుల సంతానమని యర్థము చెప్పినచో సభ్యత్వము జన్మసిద్ధ మగును. కాని యీ మంజూషలపైఁ బితృత్వము వివక్షిత మగుచో తండ్రి పేరే చెప్పఁబడును. ‘పిగహపుతో’ యనునది యట్టిది. నిగమము వ్యక్తి గాదు. దానికి ముఖ్యార్థమునఁ బుత్రులు గలుగరు. కావున లక్షణచే ‘నిగమమునఁ జేరినవారు’ అనుటయే యుక్తము.

ఇఁక ‘రాజపాముఖ’ పదము బహువ్రీహి. లంబకర్ణునిఁ దెమ్మన్నచోఁ జెవులును వెంట వచ్చును. చిత్రగువును దెమ్మన్నచో నాతని యావులు రావు. మొదటిది తద్గుణసంవిజ్ఞానము, రెండవది యతద్గుణసంవిజ్ఞానము. పాణిని చెప్పిన ‘సర్వాది’ గణమున సర్వశబ్దము తానును జేరునా యను శంకను వైయాకరణులు మొదటి పక్షముచేతనే తీర్చిరి. ఇచటను రాజు నిగమపుత్రులలోఁ జేరినవాఁడే యని తోఁచును.

దీనికొక యాక్షేపము గలదు. ‘నెగమా’ యను పదము క్రింద వచ్ఛో, జేతో, తిసో మున్నగు పేరుల పట్టిక యున్నది. అందు ఖుబిరకుఁడు లేఁడు. అయినను ప్రధానవాక్యమునఁ దండ్రి పేరుతోఁ గూడ నిర్దిష్టుఁడైనవానిని పట్టికలో మరలఁ జెప్పవలసిన పని లేదు. కంఠోక్తమైనదానిని మౌనము బాధింపఁజాలదు. వాక్యాంతమునఁ గల ‘వారి’ యను బహువచనము దాతల నందఱ నొక్కటిగాఁ గూర్చుచున్నది.

తరువాతి శతాబ్దుల ధర్మశాస్త్రము లీ యర్థమునకుఁ దోడుపడుచున్నవి. సంఘము తనకుఁ దా నేర్పఱుచుకొన్న సమయము, స్వధర్మవిరుద్ధము గానిచో, రాజశాసనమువలెనే రక్షణీయమని యాజ్ఞవల్క్యుఁడు. సంఘమధ్యమునఁ జేరినవాఁడు పూర్వపు ధనమునకును ఋణమునకును సమభాగి యని కాత్యాయనుఁడు. అనఁగాఁ బుట్టుకచే గాక చేరికచేతఁ గూడ సభ్యత్వము సిద్ధించు ననుట.

కావున నీ లేఖనమును కేవలము రాజచరిత్రగాఁ జదువుట చాలదు. ఇందు నిగమము రాజుయొక్క పరివారము గాదు. రాజే నిగమమునఁ బ్రథమసభ్యుఁడు.