రెండు గొంతుల ఇంజన్

తొంభైల నాటి హోండా కార్లంటే పడిచచ్చేవాళ్లు నలుగురు కలిస్తే రంగు గురించో, రూపం గురించో కాదు, ముందు 'వీటెక్' గురించి మాట్లాడతారు. టాకోమీటర్ ముల్లు అయిదు వేలు దాటేసరికి, అప్పటిదాకా బుద్ధిగా ఉన్న ఇంజన్ గొంతు మార్చి రంకె వేస్తుంది. పికప్ ఒక్కసారిగా పెరుగుతుంది.

వీటెక్ ఓ పాత చిక్కుకు దొరికిన పరిష్కారం. ఇంజన్ వాల్వులను తెరిచేది క్యామ్‌షాఫ్ట్ మీద ఉబ్బెత్తుగా ఉండే లోబ్‌లు. లోబ్ చిన్నదైతే ట్రాఫిక్‌లో సాఫీగా నడుస్తుంది, మైలేజీ ఇస్తుంది; జోరు పెంచితే ఇంజన్‌కు గాలి చాలదు. లోబ్ పెద్దదైతే పైవేగంలో దూసుకుపోతుంది. సిగ్నల్ దగ్గర మాత్రం గడగడా వణుకుతుంది. పోనీ ఇంజన్‌నే పెద్దది చేద్దామంటే, జపాన్‌లో సీసీ పెరిగేకొద్దీ ఏటా కట్టే పన్నూ పెరుగుతుంది.

తక్కువ వేగంలో కొన్ని వాల్వులకు విశ్రాంతినిచ్చే పద్ధతిని హోండా 1983లోనే సీబీఆర్ 400ఎఫ్ బైకులో పెట్టింది. ఆ తర్వాత ఇంజనీర్ ఇకువో కజితాని బృందం కార్ల మీద దృష్టి పెట్టింది. 1.6 లీటర్ల ఇంజన్ నుంచి 140 హార్స్‌పవర్ రాబట్టాలన్నది వాళ్ల లెక్క. పరిశోధన విభాగం పెద్ద నొబుహికో కవమోతో దానికి ఒప్పుకోలేదు. లీటరుకు 100 చొప్పున 160 కావాలన్నారు.

వాళ్లు కనిపెట్టిన ఏర్పాటు చూడ్డానికి చిన్నదే. ఒక్కో జత వాల్వులకు మూడు లోబ్‌లు, మూడు రాకర్ ఆర్మ్‌లు. మామూలు వేగంలో అటూ ఇటూ ఉన్న చిన్న లోబ్‌లే వాల్వులను ఆడిస్తాయి. మధ్యలోని పెద్ద లోబ్ ఊరికే తిరుగుతుంది. వేగం పెరగ్గానే కంప్యూటర్ ఆదేశంతో సోలనాయిడ్ తెరుచుకుంటుంది. ఆయిల్ ప్రెషర్ ఓ చిన్న పిన్నును పక్కకు నెట్టి మూడు ఆర్మ్‌లనూ కలిపేస్తుంది. ఇక పెత్తనం పెద్ద లోబ్‌దే. టర్బో లేకుండానే 160 హార్స్‌పవర్ ఇచ్చిన ఆ ఇంజన్ 1989లో ఇంటెగ్రాలో వచ్చింది. మరుసటి ఏడు ఇదే ఏర్పాటు ఎన్ఎస్ఎక్స్ స్పోర్ట్స్ కారుకెక్కింది. 1997లో సివిక్ టైప్ ఆర్ అదే 1.6 లీటర్ల నుంచి 185 రాబట్టింది.

మన రోడ్ల మీద ఈ రుచి చాలామందికి చూపించింది 2000 ప్రాంతంలో వచ్చిన 1.5 లీటర్ల హోండా సిటీ వీటెక్. 15 ఏళ్లు నిండాక రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించి, గ్రీన్ ట్యాక్స్ కట్టి మరీ దాన్ని ఉంచుకున్నవాళ్లున్నారు. వాళ్లకు తెలిసిన కిటుకు ఒక్కటే: ఈ విద్య అంతా ఆయిల్ మీదే నడుస్తుంది. ఆయిల్ మార్చడం అశ్రద్ధ చేస్తే సోలనాయిడ్ దగ్గరి సన్నటి జల్లెడ మడ్డితో పూడిపోతుంది, పిన్ను కదలదు. అక్కడి గాస్కెట్ ఎండిపోతే ఆయిల్ కారుతుంది. అందుకే పాత వీటెక్ కారు కొనబోయేవాళ్లు పెయింట్ చూసి మురిసిపోకుండా డిప్‌స్టిక్ తీసి చూడాలి. ఇంజన్ బాగా వేడెక్కాక అయిదారు వేల దాకా లాగి వినాలి. రెండో గొంతు పలకలేదంటే, ముందు ఆ జల్లెడ, ఆయిల్ ప్రెషర్ చూపించాకే బేరం మాట్లాడాలి.